యమున చుస్నీ

“పేరుకే నీ పేరు, గంతే” అని లక్ష్మీనర్సయ్య అన్నప్పుడు యమునాబాయి పప్పులోకి పోపు వేస్తోంది. మూడేళ్ళ కిందటి మాట ఇది. ఆవాల చిటపటలో వినబడలేదేమో అనుకుని ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. “పేటెంటు ఫారంల ఆడోళ్ళ పేరుంటే ఫైలు జల్ది చూస్తరంట. భూషణ్ సార్ చెప్పిండు. గందుకే నీ పేరు రాపిస్తున్న. నువ్వేం ఫికర్ జెయ్యకు. సంతకం ఒక్కటి పెట్టు, మిగిలిందంత నేను చూస్కుంట.” ఆయన గొంతులో దయ ఉంది. పండక్కి చీర తెచ్చి ‘కట్టుకో’ అనేటప్పుడు ఉండే దయ. యమున చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితం మీద నూనె చింది పడకుండా గిన్నె పక్కకు జరిపి, ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసింది. కనిపెట్టిన మనిషి ఎవరు అన్న గడిలో తన పేరు. హక్కు ఎవరిది అన్న గడిలోనూ తన పేరే. చివరి సంతకం దగ్గర ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ వస్తువును కనిపెట్టింది నిజంగానే ఆమె. ఇంటాయన ఆ సంగతి మరిచిపోయాడు. ఫైలు కదలడానికి పనికొచ్చే చిన్న అబద్ధం అనుకుంటూ, దగ్గరుండి మరీ నిజం రాయించాడు.

పేరు అరువివ్వడం యమునకు కొత్త కాదు. మరాఠీ గడ్డ మీది కామత్‌ఘర్‌లో వాళ్ళది పన్నెండు సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానా. కరెంటుకు రెండో మీటరు కావలసి వచ్చి, దానికి ఇంకో పేరు కావలసి వచ్చినప్పుడు ఆమె పేరు పెట్టారు. గ్యాసు బండ ఆమె పేరు మీదే. కానీ ఆ ఇంట్లో, ఆ కార్ఖానాలో కంటికి కనిపించే పేరు ఒక్కటే: ల.న. కామత్‌ఘర్ సందుల్లో గోడకు గోడ ఆనుకుని కార్ఖానాలుంటాయి కాబట్టి ఎవరి సామానుకు వాళ్ళ గుర్తు వేసుకుంటారు. పల్చటి రేకులో అక్షరాలు కోయించి, దాన్ని వస్తువు మీద ఆనించి రంగు పూస్తే సేటు పేరు అచ్చుపడుతుంది. నూలు చుట్టిన బీముల మీద ల.న., కండెల డబ్బాల మీద ల.న., మంచినీళ్ళ డ్రమ్ము మీద, చాయి కెటిలు మీద ల.న. పెళ్ళయి ఇరవై ఏళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు ఆమె కూర్చుని కండెలు చుట్టే పీట మీద కూడా, ఆమె కిందనే, ల.న. ఆ ఎనిమిది గంటలకు జీతం ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమె అడిగిందా అంటే, ఒకసారి అడిగింది. “ఇంటి పనికి జీతమేందే?” అని అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. కండెల మిషను ఇంటి పని ఎప్పుడయిందో యమునకు ఇప్పటికీ తెలియదు.

అసలు ఆ వస్తువు పుట్టిన కథ చెప్పాలంటే నాడె సంగతి చెప్పాలి. సాంచెలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క నాడె కడుపులో నూలు కండె ఉంటుంది. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, దాని కొసను నాడె పక్కనున్న సన్నటి కన్నంలోంచి బయటికి తీయాలి. దానికి తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి ఒకటే. కన్నానికి నోరు ఆనించి గట్టిగా పీల్చడం. దారం కొస నాలుక మీదికి వస్తుంది, దాంతోపాటు దూది నూగూ వస్తుంది. నాలుగైదు నిమిషాలకొకసారి, ఒక్కొక్కరికి నాలుగేసి సాంచెల మీద, ఏళ్ళ తరబడి. పగటి షిఫ్టు మనిషి నోరు పెట్టిన నాడెకే రాత్రి షిఫ్టు మనిషీ నోరు పెడతాడు. దగ్గొస్తే బెల్లం ముక్క నమిలేవారు. కరోనా వచ్చేదాకా ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

లాక్‌డౌన్ ఎత్తేశాక సాంచెలు మళ్ళీ మొదలైన రోజు, వాళ్ళ దగ్గర పాత పనివాడు యోబు నాడె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “ఒకని ఎంగిలి ఇంకొకడు నోట్ల వెట్టుకునుడు ఇగ నాతోని గాదు సేట్” అన్నాడు. లక్ష్మీనర్సయ్య కసిరాడు, బతిమాలాడు, ‘ఇగో నేను పీలుస్త చూడు’ అని తనే పీల్చి, నూగు గొంతులో పడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా దగ్గాడు. ఆ దగ్గు విన్నాక మిగిలినవాళ్ళు కూడా వెనక్కి జరిగారు. పన్నెండు సాంచెలూ ఆగిపోయాయి.

ఆ పూట యమున నూలు బస్తాల వెనక కూర్చుని ఉంది. రెండో కూతురు నేహ పుట్టి మూడు నెలలు. సాంచెలు మొదలవుతాయనగానే కండెల మిషను ముందు కూర్చోబెట్టారు, బిడ్డ ఇంట్లో అత్తమ్మ దగ్గర. పాలు గట్టిపడి రొమ్ములు రాళ్ళయిపోతుంటే చూడలేక, యోబు భార్య లీదియా మెడికల్ షాపు నుంచి చేతి పంపు తెచ్చిచ్చింది. ఒక గిన్నె, దాని వెనక రబ్బరు బుడ్డి. అత్తమ్మ దాన్ని చూసి, “ఏడుగుర్ని సాదిన, నాకు గీ పిచికారీలు లేకుండె” అంది. బస్తాల వెనక సిగ్గుతో, కోపంతో ఆ బుడ్డిని నొక్కుతూ వదులుతూ, అవతల మొగుడి కేకలు వింటూ, యమున చేతిలో ఉన్నదాన్ని హఠాత్తుగా కొత్తగా చూసింది. పాలను లాగేది దారాన్ని లాగుతుంది కదా అనుకుంది. ఆ ఆలోచన వచ్చిన క్షణం ఆమెకు ఇప్పటికీ ఒళ్ళంతా గుర్తుంది. జాకెట్టు తడిసి ఉంది, బయట యోబు ‘కాదు సేట్’ అంటున్నాడు, తన గుండె మాత్రం పరీక్షలో ప్రశ్నకు జవాబు తెలిసిన పిల్ల గుండెలా కొట్టుకుంటోంది.

తెలిసినంత తేలిగ్గా కుదరలేదు. నాడె కన్నం వాలుగా ఉంటుంది, బుడ్డి మూతి దాని మీద సరిగ్గా కూర్చోక గాలి పోయింది. నాలుగు రోజులు కుస్తీపట్టి, అయిదో రోజు నేహకు పాలిస్తూ బిడ్డ నోటిని చూసింది. కింది పెదవి పూర్తిగా విచ్చుకుని, పై పెదవి కొంచెం వెనక్కి, ఎక్కడా సందు లేకుండా అతుక్కుని ఉంది. ఒక పాలపీకను అదే వాలుకు కోసి బుడ్డికి తొడిగింది. దారం వచ్చింది. వచ్చిన దారంతో పాటు నూగు కూడా బుడ్డిలోకి పోయి రెండో పూటకే అడ్డుపడింది. చాయి జల్లెడలోంచి రూపాయి బిళ్ళంత ముక్క కత్తిరించి లోపల అడ్డం పెట్టింది. ఆ వారమంతా ఇంట్లో చాయిలో ఆకు తేలింది. “జల్లెడ గూడ దిక్కులేని కొంప” అని అత్తమ్మ సణిగింది. యోబు మొదటిసారి దాన్ని కన్నానికి ఆనించి నొక్కి వదిలినప్పుడు తెల్లటి దారం కొస బయటికొచ్చి వేలాడింది. ఆయన నవ్వడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆపలేదు. పసిపిల్లల నోట్లో పెట్టేదానికి హిందీలో ఉన్న పేరే పనివాళ్ళు దానికీ పెట్టేశారు: చుస్నీ.

యమున పన్నెండు చుస్నీలు చేసింది. సాయంత్రానికల్లా లక్ష్మీనర్సయ్య రేకు తీసి పన్నెండింటి మీదా ల.న. కొట్టేశాడు. పాపం, కుట్రేం లేదు, కార్ఖానాలోకి ఏ కొత్త వస్తువొచ్చినా చేసేదే చేశాడు. దాంతో అది నర్సన్న చుస్నీ అయి కూర్చుంది. ఎవరైనా అడిగితే మొదట్లో ‘మా ఇంట్ల చేసిన్రు’ అనేవాడు. ఏడాది తిరిగేసరికి ‘నేనే చేసిన’ అనడం మొదలైంది. అంటూ అంటూ తనే నమ్మేశాడు. మనిషి చెడ్డవాడైతే యమునకు పోట్లాడటం సులువయ్యేది.

మరమగ్గాల వాళ్ళకోసం సర్కారు పెట్టిన శిబిరం తరఫున భూషణ్ సార్ కార్ఖానాకు వచ్చింది అప్పుడే. చుస్నీని చూసి, తిప్పి తిప్పి చూసి, బయట ఎవరికీ ఇవ్వకముందే పేటెంటుకు దరఖాస్తు పెట్టమన్నాడు. “పీల్చే పంపులు లోకంలో చాలా ఉన్నాయి సేట్. ఇందులో కొత్తవి రెండే. ఈ వాలు పెదవి, లోపలి జల్లెడ. పేటెంటు వస్తే వాటికే వస్తుంది” అని హిందీలో చెప్పాడు. చాయి గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిన యమున ఆ మాట విన్నది. బిడ్డ పెదవి, చాయి జల్లెడ. దేశం మొత్తం మీద కొత్తవట.

అలా పోపు దగ్గర సంతకాలయ్యాయి, ఆడమనిషి పేరు చూసి ఫైలు నిజంగానే తొందరగా కదిలింది, పేటెంటు వచ్చింది. లక్ష్మీనర్సయ్య ఆ సర్టిఫికెట్టుకు పటం కట్టించి కార్ఖానా గోడకు వేలాడదీశాడు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ, వాళ్ళు అడక్కముందే, “ఆడోళ్ళ పేరుంటే జల్ది వస్తది, గందుకే” అని చెప్పేవాడు. కార్ఖానాలో పూట గడిస్తే అద్దం మీద నూగు పేరుకుంటుంది. యమున రోజూ కొంగుతో తుడిచేది. తుడిచినప్పుడల్లా తన పేరు ఒకసారి చదువుకునేది. మునిసిపాలిటీ తెలుగు బడిలో పదో తరగతి చదివిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. య-ము-నా-బా-యి. కొన్ని రోజులు రెండుసార్లు కూడా తుడిచేది.

ఇంతలో ఆమె ఊరుకోలేదు. కనేరిలో లీదియా గదిలో మధ్యాహ్నాలు అయిదుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి చుస్నీలు చేయించింది. కామత్‌ఘర్‌లో, కనేరిలో, చుట్టుపక్కల కార్ఖానాల్లో పనివాళ్ళు నోటితో పీల్చడం మానేశారు. లీదియా కూతురు బ్లెస్సీ ఒకరోజు, “మా నాయిన రాత్రిల దగ్గుతలేడు పెద్దమ్మా” అంది. సర్టిఫికెట్టు కన్నా ఆ మాట గొప్పదని యమున అనుకుంది. తర్వాత, ఎందుకు తక్కువ చేసుకోవాలి, రెండూ గొప్పవే, రెండూ నావే అని కూడా అనుకుంది.

ఈ ఏడాది భూషణ్ సార్ మళ్ళీ వచ్చాడు. పేటెంట్లు గోడలకు వేలాడితే లాభం లేదని, కనిపెట్టినవాళ్ళనూ తయారుచేసేవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి లైసెన్సులు ఇప్పించడానికి సర్కారు మేళా పెడుతోందని చెప్పి ఒక ఫారం ఇచ్చిపోయాడు. ‘లైసెన్సుకు ఇస్తారా’ అన్న గడి దగ్గర యమున తనే టిక్కు పెట్టింది. పది రోజుల్లో కబురొచ్చింది. నాడెలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ, కాశేలిలో గోదాములున్నది, చుస్నీ కావాలంది. వాళ్ళ మనిషి వైభవ్ ఒప్పందం కాగితాలు ముందే పంపాడు. లక్ష్మీనర్సయ్య కాళ్ళు నేల మీద నిలవలేదు. వచ్చే సొమ్ముతో నాడెలే అక్కర్లేని కొత్త రేపియర్ మగ్గాలు కొంటానన్నాడు. “నీదేం పని లేదు. సంతకం ఒక్కటే” అన్నాడు భార్యతో.

ఆ మధ్యాహ్నం యమున బియ్యంలో రాళ్ళేరుతూ పెద్ద కూతురు సాక్షిని కాగితాలు చదివి చెప్పమంది. డిప్లొమా చదువుతున్న సాక్షి మంచం మీద బాసింపట్టు వేసుకుని చదివి, సగం మరాఠీలో చెప్పింది.

“ఇది ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ అమ్మా. మ్హణ్‌జే, వాళ్ళొక్కరే చేస్తరు. దుస్‌రా కోణీ నాహీ.”

“లీదియా వాళ్ళు?”

“చెయ్యొద్దు. ఇంకోటుంది చూడు. వాళ్ళ కొత్త నాడె కొన్నోళ్ళకే చుస్నీ ఇస్తరంట. ఉత్తగ అమ్మరు.”

“పాత నాడెలున్నోళ్ళు?”

పాత నాడెలున్నవాళ్ళు మళ్ళీ నోరు పెడతారు. అది కండెలు చుట్టిన ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“మరి నేను చేస్కోవచ్చు గదా?”

సాక్షి ఆ పేజీ రెండుసార్లు చదివింది. “లేదమ్మా. నువ్వు గూడ చెయ్యొద్దు. మాల్కిన్ నువ్వే. పణ్ చేసే హక్కు వాళ్ళది.”

చేటలో యమున వేళ్ళు ఆగిపోయాయి. మాల్కిన్ నువ్వే, కానీ చెయ్యి వేయకూడదు. ఈ ఏర్పాటు తనకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఇందులోనే కాపురం చేస్తోంది. మీటరు నీదే, స్విచ్చు ముట్టుకోకు. ఇల్లు నీదే, ఇంట్లో ఏ కూరగాయలు రావాలో అత్తమ్మ చెబుతుంది. పిల్లలు నీ పిల్లలే, ఇంటిపేరు మాది. వీటన్నిటికీ ఆమె తల ఊపింది, ఎందుకంటే ఊపిన ప్రతిసారీ అది ఒక్కసారే అనుకుంది. ఇప్పుడు తన ఒంట్లోంచి, తన పాలల్లోంచి, తన సిగ్గులోంచి పుట్టినదాన్ని కూడా అలాగే ఇచ్చేసి, రేపు యోబు మళ్ళీ నాడెకు నోరు ఆనిస్తుంటే పక్కన కండెలు చుడుతూ కూర్చోవాలి. గోడ మీద అద్దం తుడుస్తూ బతకాలి. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట బాగుంది కూడా. ఏడుపు కన్నా ఎన్నో రెట్లు బాగుంది.

మర్నాడు ఆటో ఎక్కి ఒక్కతే భూషణ్ సార్ ఆఫీసుకు వెళ్ళింది. ఆయన కాగితాలు చూసి, చాలామందికి ఒకే షరతుల మీద ఇచ్చే లైసెన్సు కూడా ఉంటుందని, దానికి నమూనా ఒప్పందం తమ దగ్గరే ఉందని, కాకపోతే దానికి ముందుగా వచ్చే సొమ్ము తక్కువని, కంపెనీ లేచి వెళ్ళిపోనూ వచ్చని దాచకుండా చెప్పాడు. “నేను సలహా ఇస్తాను. నిర్ణయం హక్కుదారుది. అంటే మీది, మేడమ్.” తిరిగొచ్చేటప్పుడు ఆమె దారిలో దిగి, రేకులు కోసే దుకాణం ముందు కాసేపు ఆగింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. లక్ష్మీనర్సయ్య ముందు నవ్వాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు. “నీకేం ఎరుక? రేపియర్లు వస్తున్నయ్. నాడెలు ఇంకెన్నొద్దులుంటయ్? ఉన్నప్పుడే అమ్ముకోవాలె.”

“రేపియర్లు వచ్చెదాంక యోబు నోట్ల నూగు పోవాల్నా?”

“యోబు నీకు పైసలిస్తడా?”

“నువ్విచ్చినవా?” అంది యమున.

“మేళాల నా ఇజ్జత్ తియ్యకు” అని మాత్రం అని, ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మేళా రోజు పొద్దున్నే హాలంతా బల్లలు, బ్యానర్లు, చాయి వాసన. బల్లకు అటువైపు వైభవ్, ఇటువైపు లక్ష్మీనర్సయ్య, పక్కన యమున, ఆమె వెనక సాక్షి, లీదియా. వైభవ్ కాగితం తిప్పి సంతకం చేసే చోటు లక్ష్మీనర్సయ్యకు చూపించాడు. లక్ష్మీనర్సయ్య యమునకు చూపించాడు. యమున పెన్ను తీసుకుని, మూత పెట్టి, బల్ల మీద పెట్టేసింది.

“యే కాగజ్ నహీ” అంది.

వైభవ్ ఆమె వైపు చూడకుండా, “సేట్, మేడమ్‌కు జర సమ్‌జాయించండి” అన్నాడు.

“నన్ను చూసి మాట్లాడు భాయ్” అంది యమున తన బజారు హిందీలో. “చుస్నీకి పెదవి ఎందుకు వాలుగ ఉందో తెలుసా నీకు? నా బిడ్డ నోరు చూసి కోసిన. ఇది నీకిస్త. ఇయ్యనంటలేను. లీదియా వాళ్ళకు గూడ ఇస్త. అడిగిన ప్రతి ఒక్కరికి అదే కాగజ్, అవే షరతులు. కొత్త నాడె కొన్నా కొనకున్నా చుస్నీ విడిగ అమ్మాలె. కార్ఖానాల ఎవ్వని నోరూ మళ్ళ నాడె ముట్టొద్దు.”

వైభవ్ భూషణ్ సార్ వైపు చూశాడు. సార్ భుజాలెగరేసి, “హక్కుదారు మేడమ్” అన్నాడు. వైభవ్ లక్ష్మీనర్సయ్య వైపు చూశాడు. అందరూ చూశారు. లక్ష్మీనర్సయ్య నోరు తెరిచాడు. ఆయన ఏమన్నా ఇక తన మాట మారదని ఆ క్షణం యమునకే కొత్తగా తెలిసింది.

“చేసింది ఆమెనే” అన్నాడు లక్ష్మీనర్సయ్య చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. “నన్ను అడుగుడేంది?”

వైభవ్ సాక్షి చేతిలోంచి భూషణ్ సార్ ఇచ్చిన నమూనా ఒప్పందం తీసుకుని, ఆఫీసులో అడిగి చెబుతానని లేచాడు. విసిరెయ్యలేదు, జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. యమున అతని కోసం ఎదురుచూడలేదు. ఖాళీ అయిన ఆ కుర్చీలోనే లీదియాను కూర్చోమంది. కనేరిలోని ఆ అయిదుగురు ఆడవాళ్ళ తరఫునా తన తరఫునా లీదియా, హక్కుదారుగా యమునాబాయి, ఇద్దరూ తెలుగులో సంతకాలు చేశారు. సాక్షి ఫోటో తీసింది. లీదియా కళ్ళు తుడుచుకుంటూ, “అక్కా, నా జిందగీల మొదటి లైసెన్సు” అంటే పక్క బల్ల వాళ్ళు కూడా నవ్వారు.

సాయంత్రం కార్ఖానాలో సాంచెలు దడదడ కొట్టుకుంటున్నాయి. లీదియా పంపిన కొత్త చుస్నీల డబ్బాలు ఆరు గుమ్మం దగ్గర దించి ఉన్నాయి. లక్ష్మీనర్సయ్య అలవాటు కొద్దీ మేకుకున్న ల.న. రేకు తీసి, రంగు డబ్బా మూత తీశాడు. యమున తన చేతిసంచిలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి విప్పింది. లోపల కొత్త రేకు, అంచులింకా మెరుస్తున్నాయి. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు కోసి ఉన్నాయి: యమున.

ఆయన ఒంగి ఆ అక్షరాలు చదివాడు. “ఎప్పుడు కోపిచ్చినవ్?”

“సార్ ఆఫీసుకు పోయిన్నాడే.”

యోబు నాడెలో కండె మారుస్తూ, చుస్నీ చేతిలోనే ఉంచుకుని ఇటే చూస్తున్నాడు. లక్ష్మీనర్సయ్య పాత రేకును తిరిగి మేకుకు తగిలించాడు. డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. కొత్త రేకు తీసుకుని డబ్బాకు ఆనించి, అంచులకు వేళ్ళు తెగుతాయేమోనని సర్దుకుని, ఇంకేం చెయ్యాలన్నట్టు భార్య వైపు తలెత్తాడు.

యమున బ్రష్షు రంగులో ముంచింది.

“నువ్వేం ఫికర్ జెయ్యకు” అంది. “రేకు ఒక్కటి పట్టుకో, మిగిలిందంత నేను చూస్కుంట.”